గైడు ఉన్నాడు గదా!

కిందటి ఆదివారం మా తోడల్లుడుగారి వద్దనుంచి ఒక జాబు వచ్చింది. (జాబంటే ఈ-లేఖే లెండి. పాత మాట వదలబుద్ధి కాదు.) వచ్చే సెలవులకు మేము ఆరుగురం బొనేర్ దీవికి వెళ్ళాలని ఏడాదిగా అనుకుంటున్నాం. ఆరుగురిలో నలుగురికి డైవింగు ధ్రువపత్రాలున్నాయి. ఆయన వ్రాసినది ఇంతే: "తమ్ముడూ, ఆరు రోజులూ పడవ మీదనే, గైడుతోనే. అడిగినంత ఇచ్చేద్దాం. ఒడ్డునుంచి మనంతట మనం దిగే గొడవ మనకెందుకు? ఆలోచించడానికి గైడు ఉన్నాడు గదా!"

ఆయనకు ఫోనులో చెప్పి ఊరుకోవచ్చు. చెప్పాను కూడా. కాని ఈ "గైడు ఉన్నాడు గదా" అన్న మాటను నేను ఒక్క మా అన్నయ్య నోటనే వినలేదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళలో సముద్రంలోకి దిగేవారు ఈ మధ్య పెరిగారు. అండమాను వెళ్ళి స్వరాజ్ ద్వీపంలో (2018కి ముందు దాని పేరు హేవ్‌లాక్) ఒక్కసారి మునిగి వచ్చినవారు అంతకంటె ఎక్కువ. అక్కడ తొలిసారి దిగేవారిని శిక్షకుడు సిలిండరు పట్టుకుని పసిపిల్లవాణ్ణి నడిపించినట్టు నడిపిస్తాడు. అది సరైన పద్ధతే. తొలిసారి గనక. చిక్కేమిటంటే, ఆ తరువాత నాలుగు రోజులు తరగతులకు పోయి, పరీక్ష వ్రాసి, చేతికి కార్డు వచ్చాక కూడా మనవాళ్ళు సిలిండరు వెనక ఆ చేయి ఉన్నట్టే అనుకుంటారు. ఆ చేయి ఉండదు. ఈ టపా ఆ లేని చేతిని గురించి.

ముందు దీవి సంగతి. బొనేర్ కరీబియన్ సముద్రంలో వెనెజులాకు ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2010 అక్టోబరు నుంచి నెదర్లాండ్స్‌లో ఒక ప్రత్యేక పురపాలకం. 2011 నుంచి అక్కడ చెలామణీ అయ్యేది అమెరికా డాలరు. తూర్పునుంచి వ్యాపార పవనాలు ఏడాదిలో చాలాభాగం వీస్తూనే ఉంటాయి కాబట్టి తూర్పు తీరం ఎప్పుడూ అల్లకల్లోలం, పడమటి తీరం ఎప్పుడూ చెరువులాగా ఉంటుంది. ఆ పడమటి తీరం పొడుగునా పగడపు దిబ్బ ఒడ్డుకు ఆనుకునే ఉంది. ఈత వచ్చినవాడు కొద్ది నిముషాల్లో దాని అంచును చేరగలడు. రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్ళమీద ఒక్కో చోటు పేరు వ్రాసి ఉంటుంది. ట్రక్కు అద్దెకు తీసుకుని, వెనక సిలిండర్లు వేసుకుని, రాయి కనబడ్డ చోట ఆగి, దిగి, మునిగి రావచ్చు. ఇంత సుళువుగా ఒడ్డునుంచి డైవు చేయగల చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ.

ఇదంతా తనంతట తాను మిగిలినది కాదు. 1962లో ఒక తెరచాప ఓడలో డాన్ స్టీవర్ట్ అనే కాలిఫోర్నియా మనిషి అక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. కెప్టెన్ డాన్ అంటారు. మొదట్లో చేపలు పట్టి అమ్మినవాడే తరువాత పగడాల కాపలాదారుగా మారాడు. 1971లో అక్కడ ఈటెలతో చేపల వేట నిషేధించారు. 1979లో దీవి చుట్టూ, నీటి అంచునుంచి 60 మీటర్ల లోతు దాకా సముద్ర ఉద్యానవనం ఏర్పడింది. లంగరు వేయడం నిషేధం. పడవలు స్థిరంగా కట్టిన తేలుబుడ్డీలకే కట్టుకోవాలి. చేతికి తొడుగులు వేసుకోకూడదు, ఎందుకంటే తొడుగున్న చేయి దేన్నైనా పట్టుకోవడానికి సందేహించదు. కొత్తగా వచ్చినవాడు రుసుము కట్టి, నియమాలు విని, మొదటి డైవు ఒక దుకాణం వారి కనుసన్నల్లో చేసి చూపించాలి. ఆ తరువాత నీ దారి నీదే.

"నీ దారి నీదే" అన్న ఈ రెండు మాటలే మా అన్నయ్యను భయపెట్టాయి. ఆయన భయాన్ని నేను ఎగతాళి చేయను. ఆ భయానికి ఆయన కనిపెట్టిన మందునే తప్పుపడుతున్నాను.

మూడేళ్ళ కిందట ఇంకో కరీబియన్ దీవిలో (పేరు వద్దు, ఆ పడవవాళ్ళ పేరూ వద్దు) నేనూ మా బావమరిదీ గైడుతో పడవ డైవుకు వెళ్ళాం. నీటి పారుదల వెంట కొట్టుకుపోతూ గోడలాంటి దిబ్బను చూసే డైవు అది. ఎనిమిది మందికి ఒక గైడు. దిగేముందు ఆయన చెప్పినది: "నా వెనకే రండి, 50 నిముషాలు, 50 బారు ఉన్నప్పుడు చెప్పండి." అందరం గంగిరెద్దుల్లా తల ఊపాం. ఇరవయ్యో నిముషాన, 22 మీటర్ల లోతున, మా వాడు తన గేజి నా కళ్ళముందు పెట్టాడు. ముల్లు 40 దగ్గర ఉంది. గైడు పాతిక మీటర్ల ముందు ఒక తాబేలును ఎవరికో చూపిస్తున్నాడు. ఆయన్ను అందుకుని చూపిస్తే, బొటనవేలు పైకెత్తి, మా ఇద్దరినీ పైకి వెళ్ళమని సైగ చేసి, మిగిలిన ఆరుగురితో ముందుకు సాగిపోయాడు. ఆయన చేసిన దాంట్లో తప్పు వెదకడం కష్టం. ఆరుగురిని వదిలి ఇద్దరితో రాలేడు గదా.

పైకి వచ్చాం. పడవ గైడు బుడగల వెంట పోయి దూరాన ఉంది. మా ఇద్దరి దగ్గరా నీటి మీద నిలబెట్టే ఆ నారింజరంగు గొట్టం లేదు. గైడు దగ్గర ఉంది గదా అని తెచ్చుకోలేదు. నాలుగడుగుల కెరటాల్లో రెండు తలకాయలు ఏ సరంగుకు కనిపిస్తాయి? ఇరవై నిముషాలు తేలుతూ ఈలలు వేశాం. ఆ తరువాత చూశారు. ఎక్కించుకున్నారు. నిమ్మరసం ఇచ్చారు. మా వాడు ఆ సాయంత్రం అంతా మాట్లాడలేదు. రాత్రి పడుకోబోతూ ఒక్కటే అడిగాడు: "బావా, నువ్వు నా గేజి ఒక్కసారైనా ఎందుకు అడగలేదు?"

నా దగ్గర జవాబు లేదు. అతని జోడీని నేను. గైడు కాదు. ఇరవై నిముషాలపాటు నేనూ "గైడు ఉన్నాడు గదా" అనే అనుకున్నాను.

ఇక లెక్క. లెక్క అనగానే టపా మూసేయకండి. ఇది ఐదో తరగతి లెక్కే. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక్కో వాతావరణ పీడనం చేరుతుంది. నేలమీద 1, 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3, 30 దగ్గర 4. నేలమీద నిముషానికి 15 లీటర్లు పీల్చేవాడు 20 మీటర్ల దగ్గర సిలిండరునుంచి 45 లీటర్లు లాగుతాడు. నేలమీద 25 లీటర్లు పీల్చేవాడు 75 లాగుతాడు. కరీబియన్‌లో మామూలుగా ఇచ్చే అల్యూమినియం సిలిండరు 11 లీటర్లకు కాస్త ఎక్కువ. 200 బారు నింపితే లోపల సుమారు 2200 లీటర్ల గాలి. యాభై బారు ముట్టకుండా ఉంచితే వాడుకొనేది 1665 లీటర్లు. మొదటివాడికి 20 మీటర్ల దగ్గర అది 37 నిముషాలు. రెండోవాడికి 22. ఇద్దరూ ఒకే గైడు వెనక, ఒకే 50 నిముషాల డైవుకు దిగారు. గైడు చెప్పిన 50 నిముషాలు ఎవరివి? ఆయనవి. రోజుకు రెండు మూడు సార్లు దిగే ఆ మనిషి పీల్చేది చేప పీల్చినంత.

ఇంకొకటి. ఆ "50 బారు" అన్నది ఎక్కడ ఉండాలి? పడవ ఎక్కాక ఉండాలి. పైకి బయలుదేరేటప్పుడు ఉంటే చాలదు. 20 మీటర్ల దగ్గర మీ జోడీ గాలి అయిపోయిందనుకోండి. ఇద్దరూ మీ సిలిండరే పీల్చాలి; కంగారులో ఒక్కొక్కరు నిముషానికి 30 లీటర్లైనా పీలుస్తారు. ఒక నిముషం అక్కడే సర్దుకోవడానికి 180 లీటర్లు. నిముషానికి 9 మీటర్ల వేగంతో పైకి రావడానికి సుమారు 270. ఐదు మీటర్ల దగ్గర మూడు నిముషాలు ఆగితే ఇంకో 270. మొత్తం 720 లీటర్లు, అంటే 65 బారు. 30 మీటర్ల దగ్గరైతే ఇదే లెక్క 90 దాటుతుంది. నా దగ్గర 50 ఉంది గదా అని నిశ్చింతగా తాబేలును చూసేవాడు తన ప్రాణానికి సరిపోయేంత ఉంచుకున్నాడేమో గాని జోడీ ప్రాణానికి ఉంచలేదు. అన్నట్టు, అమెరికా గేజిల మీది 500 కూ ఐరోపా గేజిల మీది 50 కూ ఒకటేననుకునేవారున్నారు. 500 అంటే సుమారు 35 బారు. ఆ పదిహేను బార్లు ఎక్కడ పోయాయో ఎవరూ అడగరు.

ఈ లెక్క పడవ మీద ఎవరు చేస్తారు? ఎవరూ చేయరు. పడవ బయలుదేరే వేళకు చేరడం, సామాను ఎవరో బిగించి పెట్టడం, బల్లమీద కూర్చోవడం, "గో" అనగానే దూకడం. మన చేతిలో నిర్ణయమన్నది ఒక్కటీ ఉండదు. అట్లా వంద డైవులు చేసినవాడు ఒకే డైవును వందసార్లు చేసినట్టు. వాడు డైవరు కాడు, తడిసిన ప్రయాణికుడు.

ఒడ్డునుంచి దిగేవాడికి ఆ సౌఖ్యం లేదు. వాడు పసుపు రాయి దగ్గర ట్రక్కు ఆపి ముందు పది నిముషాలు ఊరకే సముద్రాన్ని చూడాలి. కెరటం ఎక్కడ విరుగుతోంది, ఏ సందులోంచి దిగాలి, ముఖ్యంగా ఏ సందులోంచి పైకి రావాలి. దిగడం ఎప్పుడూ తేలికే. అలసిపోయి, పాతిక కిలోలు వీపున వేసుకుని, జారే పగడపు రాళ్ళమీద సముద్రపు ముళ్ళకాయలను తప్పించుకుంటూ పైకి రావడమే కష్టం. "వెయ్యి మెట్లు" అని అక్కడ ఒక చోటుంది. లెక్కపెడితే డెబ్భైకి అటూ ఇటూ ఉంటాయి. సిలిండరుతో ఎక్కి వచ్చినవాడు వెయ్యి అనే చెబుతాడు. మోకాళ్ళ నొప్పులున్నవారు అక్కడ దిగనేకూడదు. ఈ సంగతిని నిర్ణయించేది గైడు కాదు, ఆ మోకాళ్ళు గల మనిషి.

నీటిలోకి పోయాక పారుదల ఎటో చూసి, దానికి ఎదురుగా మొదలుపెట్టాలి; తిరిగి వచ్చేటప్పుడు అలసట ఉంటుంది, అప్పుడు నీరే తోస్తుంది. లోతు ముందు, మెరక తరువాత. వెళ్ళేటప్పుడు దిబ్బ కుడిభుజం వైపుంటే వచ్చేటప్పుడు ఎడమభుజం వైపుండాలి. తిరిగే గుర్తు దిగకముందే ఇద్దరూ ఒప్పుకోవాలి: ఎవరి గేజి ముందుగా 130 చూపిస్తే అప్పుడు ఇద్దరూ వెనక్కి. "ఎవరిది ముందుగా" అన్నదే అందులో అసలు మాట.

బొనేర్‌కే చెందిన ఒక మాయ ఉంది, అది చెప్పకపోతే ఈ వ్రాత దండగ. పడమటి తీరం నున్నగా, అద్దంలా ఉంటుందని చెప్పాను. అది చూసి గాలి లేదనుకుంటారు. గాలి ఉంది, వీపు వెనకనుంచి, నేలమీదుగా సముద్రంవైపు వీస్తోంది. ఒడ్డు దగ్గర కెరటం లేవడానికి దానికి చోటు లేదు, అంతే. దిబ్బ అంచున డైవు ముగించి, "ఇక ఈదుకుంటూ పోదాంలే" అని అక్కడే పైకి తేలినవాణ్ణి ఆ గాలి మెల్లగా పడమటికి తోస్తుంది. పడమట ఉన్నది నడి సముద్రం. కనుక లోపలే, ఐదు మీటర్ల లోతున, దిబ్బ పక్కగా ఒడ్డుదాకా వచ్చి, నిలబడగలిగిన చోటే తల పైకెత్తాలి. మూడు నిముషాల ఆగుడు కూడా అట్లా నడకలోనే తీరిపోతుంది. ఒకవేళ పారుదల పక్కకు కొట్టుకుపోయిందా, దానితో పోరాడకుండా తరువాతి సందులో బయటపడి రోడ్డు వెంట ట్రక్కు దాకా నడిచి రావచ్చు. సిగ్గుపడేదేమీ లేదు, ఆ దీవిలో రబ్బరు దుస్తులతో రోడ్డుమీద నడిచే మనిషిని చూసి ఎవరూ నవ్వరు.

మా అన్నయ్య ఇవన్నీ విని, "ఇంత ఉంది కనకనే గైడు కావాలంటున్నాను" అన్నారు. గట్టి వాదమే. ఒప్పుకోవలసినంత వరకు ఒప్పుకుంటాను. పడవకు తనదైన ధర్మం ఉంది. బొనేర్‌కు ఎదురుగా ఒక కిలోమీటరులోపు దూరంలో క్లైన్ బొనేర్ అనే నిర్జన ద్వీపం ఉంది. దాని చుట్టూ ఉన్న దిబ్బలు చూడాలంటే పడవే దారి. పడవలో ప్రాణవాయువు సీసా ఉంటుంది, రేడియో ఉంటుంది, పైన నిలబడి చూసే సరంగు ఉంటాడు. ఒడ్డున ట్రక్కులో అవి ఉండవు. (ట్రక్కులో ఏమీ ఉంచకూడదు కూడా. చిల్లర దొంగతనాలు అక్కడ పాత జబ్బు. అద్దాలు దించి, ఖాళీగా వదలడమే స్థానికులు చెప్పే ఉపాయం.) సముద్రపు గుర్రాన్ని, చిటికెన వేలంత కప్పచేపను మన కళ్ళు కనిపెట్టలేవు, గైడు కళ్ళు కనిపెడతాయి. దానికోసం డబ్బిచ్చి ఆయన వెంట వెళ్ళడం న్యాయం. ఆయన ఆ పనికి ఉన్నాడు.

అయితే మన ఊపిరి లెక్కపెట్టే పనికి లేడు. ఎనిమిది మంది గేజిలు ఎనిమిది క్షణాలకొకసారి చూడడానికి ఆయనకు ఎనిమిది కళ్ళు లేవు. మన సోమరితనాన్ని నలభై డాలర్లకో యాభై డాలర్లకో ఆయన తలకెత్తి, పైన రెండు డాలర్ల బహుమానం ఇచ్చి, ఏదైనా జరిగితే ఆయన్నే కోర్టుకీడుస్తాం. ఇది ఆయనకు చేసే అన్యాయం అని కూడా నాకనిపిస్తుంది.

పడవ మీద పెట్టిన నమ్మకం ఎక్కడిదాకా పోగలదో తెలియాలంటే 1998 జనవరి 25న ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ వద్ద జరిగినది చూడండి. టామ్, ఐలీన్ లోనర్గన్ అనే అమెరికా దంపతులు పడవ డైవుకు వెళ్ళారు. తలలు లెక్కపెట్టడంలో పొరపాటు జరిగి పడవ వారిని వదిలి ఒడ్డుకు వచ్చేసింది. వారు లేరన్న సంగతి రెండు రోజులకు గాని ఎవరికీ తెలియలేదు. వారు దొరకలేదు. ఆ తరువాత క్వీన్స్‌లాండ్‌లో తలల లెక్క నియమాలు బిగించారు. అక్కడి నియమం బిగిసిందని ఇంకో దేశంలో ఇంకో పడవమీద బిగిసినట్టు కాదు. నేనిప్పుడు ఏ పడవ ఎక్కినా సరంగు దగ్గరకు పోయి నా పేరూ, మా వాడి పేరూ చెప్పి, మేము ఫలానా నిముషానికి పైకి రాకపోతే వెదకమని చెబుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఇక రెండోవైపు శత్రువులు. మా హ్యూస్టన్ మిత్రుడొకాయన ఉన్నాడు. ఆయన దృష్టిలో పడవ ముసలివాళ్ళకు, గైడు పిరికివాళ్ళకు. రోజుకు ఐదు చోట్లు ఒడ్డునుంచి దిగుతాడట. సిలిండర్లు ఎన్నైనా తీసుకోవచ్చు గనక ఎన్నైనా మునగాలట. విందుభోజనంలో కక్కుర్తి పడినట్టు. నత్రజని రక్తంలో పేరుకుంటుంది, ఒడ్డునుంచి దిగామని దానికి తెలియదు. ఐదు రోజులు రోజుకు నాలుగు డైవులు చేసి, ఆరోరోజు పొద్దున ఒకటి లాగించి, సాయంత్రం విమానం ఎక్కేవాళ్ళను నేను చూశాను. వరసగా చాలా డైవులు చేసినవాడు విమానానికి ముందు కనీసం 18 గంటలు పొడిగా ఉండాలన్నది డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వారు ఏళ్ళుగా చెబుతున్న మాట. క్రాలెన్‌డైక్ పట్నంలో పీడన చికిత్సగది ఉంది నిజమే. అది ఉందని దాన్ని వాడవలసిన పని లేదు.

ఆయనలాంటివారి వల్ల ఇంకో నష్టం. 2023లో బొనేర్ దిబ్బల్లో ఒక పగడపు వ్యాధి కనిపించింది. రాతి పగడాల మాంసాన్ని కొన్ని వారాల్లో ఊడ్చేసి తెల్లటి ఎముకల్లా మిగిల్చే జబ్బు. ఫ్లోరిడాలో 2014లో మొదలై ద్వీపం తరువాత ద్వీపానికి పాకింది. సామాను కడగకుండా, శుద్ధి చేయకుండా, పొద్దున జబ్బు చోటా మధ్యాహ్నం ఆరోగ్యపు చోటా దిగేవాడు దాన్ని మోసుకుపోయే ప్రమాదముంది. స్వతంత్రంగా తిరుగుతానన్నవాడు ఎక్కడ ముందు దిగాలి, ఎక్కడ తరువాత దిగాలి, ఏ చోటు మూశారు అన్నది ఉద్యానవనం వాళ్ళను అడిగి తెలుసుకోవాలి. అడగడం నామోషీ ఐతే ఆ స్వాతంత్ర్యం ఊరికి చేటు.

ఇవన్నీ చెప్పి నేను అన్నయ్యకు పంపిన పథకం ఇదీ. లోకం సాధారణంగా చెప్పేది "ముందు గైడుతో పడవ, అలవాటయ్యాక ఒడ్డు" అని. నేను తలకిందులుగా చెప్పాను. మొదటిరోజు దుకాణం ముందున్న దిబ్బమీదనే, ఎట్లాగూ తప్పని పరిచయపు డైవు. అందులో బరువులు సరిచూసుకోవడం. ఆ తరువాత 10 మీటర్ల దగ్గర పది నిముషాలు కుదురుగా ఈది, ఎవరికి ఎన్ని బార్లు తగ్గాయో పలకమీద వ్రాసుకోవడం. నలభై ఐదు బార్లు తగ్గితే 500 లీటర్లు; పది నిముషాలతో భాగిస్తే 50; రెండు వాతావరణాలతో భాగిస్తే 25. ఆ అంకె మన జాతకం. అది చేతిలో లేకుండా ఎవరూ పడవ ఎక్కకూడదు. రెండోరోజు సుళువైన ఒడ్డు డైవులు రెండు, ఇద్దరిద్దరుగా; కావాలంటే ఒక శిక్షకుణ్ణి డబ్బిచ్చి పిలుద్దాం, కాని ఆయన వెనక వస్తాడు, ముందు మనం పోతాం. దారి తప్పితే తప్పనివ్వమని ఆయనకు ముందే చెబుదాం. మూడు, నాలుగు రోజులు పొద్దున పడవలో క్లైన్ బొనేర్, గైడుతోనే, కాని మన అంకెలతో. దిగేముందు ఆయనకే చెబుదాం: మా జంట 30 నిముషాలకు వెనక్కి తిరుగుతుంది, మా దగ్గర మా గొట్టం ఉంది, ఈల ఉంది. ఐదోరోజు హిల్మా హుకర్. 1984 సెప్టెంబరులో మునిగిన సరకు ఓడ అది. గంజాయితో పట్టుబడి, ఎవరూ దిక్కులేక, నీరెక్కి మునిగింది. 30 మీటర్ల దగ్గర పక్కకు ఒరిగి పడుకుని ఉంది. మా అన్నయ్యకు ఓడలంటే ప్రాణం గనక పెట్టాను. పై లెక్క ప్రకారం అక్కడ 90 బార్లు అట్టడుగున ఉండగానే పైకి బయలుదేరాలి. లోపలి గదుల్లోకి ఎవరూ దూరరు. ఆరోరోజు ఫ్లెమింగో కొంగలను చూడడానికీ ఉప్పుమడుల దగ్గర తిరగడానికీ. తడవడం లేదు.

ఖర్చు సంగతి అన్నయ్య అడగలేదు, నేనూ వ్రాయలేదు. ఒడ్డు చవక అన్నది నిజమే గాని, చవక కోసం ఒడ్డు ఎంచుకునేవాడితో నాకు స్నేహం లేదు.

జాబు చూసి అన్నయ్య ఫోను చేశారు. కోపం లేదు గాని బాధ ఉంది. "అంటే నా మీద నమ్మకం లేదా నీకు?" అన్నారు. "మీ మీద లేకపోవడమేమిటి అన్నయ్యా, అసలు మీ మీదనే పెడుతున్నాను. మీరే గైడు మీద పెడుతున్నారు" అన్నాను. కాసేపు ఊరుకున్నారు. "మీ వదినకు నేను జోడీనయ్యా. ఏమన్నా ఐతే నా వల్ల ఐనట్టుండకూడదని" అన్నారు. అప్పుడర్థమైంది, ఆయన కొనాలనుకుంటున్నది భద్రత కాదు, నింద పడకుండా ఉండే వీలు. దాన్ని ఏ పడవవాడూ అమ్మడు. వదిన గాలి అయిపోతే ఆవిడ చేయి చాచేది పక్కనున్న మనిషివైపే. ఆ సంగతి ఆయనతో అనలేకపోయాను. ఇక్కడ వ్రాస్తున్నాను, ఆయన ఇది చదువుతారని తెలుసు.

నిన్న రాత్రి మా బావమరిది దగ్గరనుంచి రెండు ముక్కలు వచ్చాయి. టెక్సాస్‌లో ఒక చెరువులో 10 మీటర్ల దగ్గర పది నిముషాలు ఈది కొలుచుకున్నాడట. "బావా, 22 వచ్చింది. మూడేళ్ళ కిందట ఎంత ఉండేదో. నీది ఎంత?" అని. నాది కొలిచి రెండేళ్ళయింది. ఈ శనివారం కొలవాలి. పడవకు ముందస్తు డబ్బు కట్టే గడువు శుక్రవారం. అన్నయ్య ఇంకా ఏమీ తేల్చలేదు.